అచ్చుకు ముందు చదివి వినిపించిన అయ్యవారు

పోయిన శుక్రవారం పొద్దున అయ్యవారు పోయినారు. కలుపు తీసే కూలీలకు నేను రొట్టెలు మూట కడతా ఉంటే మా ఆయన వచ్చి, చెప్పులు విడవకుండానే నడవలో నిలబడి ఆ మాట చెప్పినాడు. తెల్లారి లేచి ముఖం కడుక్కుని అరుగు మీద కూర్చున్నారంట. కోడలు కాఫీ తెచ్చేసరికి గోడకు ఆనుకొని అట్లే ఉన్నారంట. పిలిస్తే పలకలేదు.

అదే రోజు పదకొండు గంటల బస్సులో బళ్ళారి నుంచి ఈ పత్రిక వచ్చింది. ఎప్పటిలాగే మూడో పేజీలో ఆయన రాసింది ఉంది. అది నన్ను తప్పుపట్టి రాసింది.

మా పంచాయతీకి సర్కారు ఒక రేడియో ఇచ్చింది. దాన్ని బడి పక్క గదిలో పెట్టాలని తీర్మానం తెచ్చింది నేను. పాఠం పక్కన పాట పెడితే పాఠం ఓడిపోతాదని ఆయన వాదం. ఆ రాత నాకు కొత్త కాదు. అంతకు ముందు ఆదివారమే కర్ర పట్టుకొని మా ఇంటికి వచ్చి, కాగితం తీసి మొత్తం చదివి వినిపించినారు. చదివినాక ఎప్పుడూ అడిగే మాటే అడిగినారు, ఇందులో అబద్ధం ఉంటే చెప్పమ్మా అని. ‘ఆలోచన లేకుండా’ అని ఒక చోట ఉంది. రెండు మీటింగులు దాని మీదే మాట్లాడుకున్నామని చెప్పినా. ఆ రెండు మాటలూ పెన్సిలుతో కొట్టేసినారు. శుక్రవారం పత్రిక విప్పి చూస్తే ఆ రెండు మాటలూ లేవు. తక్కినదంతా ఉంది.

ఇప్పటికీ నేను ఆయన మాట ఒప్పుకోను. పాటలు వచ్చేది సాయంత్రం, అప్పటికి బడి వదిలేసి ఉంటారు. రేడియో అక్కడే ఉంటాది. ఆ సంగతి ఆదివారమే ఆయన ముఖం మీద చెప్పినా. నవ్వి మజ్జిగ తాగి పోయినారు.

ఈ పత్రిక చదివేవాళ్ళకు ఆయన రాత తెలుసు, మనిషి తెలియదు. అందుకని నాకు తెలిసిన మనిషిని గురించి రాస్తున్నా. నేను రాసేదాంట్లో అబద్ధం ఎక్కడుందో చెప్పడానికి ఇప్పుడు ఆయన లేరు కాబట్టి, చూసింది, విన్నది మాత్రమే రాస్తాను.

నా పుట్టినూరు ఆదోని పక్క. నాకు పెండ్లయ్యేనాటికి ఆదోనీ బళ్ళారీ ఒకటే జిల్లా. ఆ తర్వాత పుట్టిల్లు ఆంధ్రలోకి పోయింది, మెట్టినిల్లు మైసూరులోకి వచ్చింది. హచ్చొళ్ళి దాటి కాలువ వెంబడి పోతే వచ్చే ఈ ఊరి నుంచి నేను మాత్రం కదల్లేదు. అయ్యవారు మద్రాసు సర్కారు కాలమంతా మా ఊరి బడిలో పాఠం చెప్పి, జిల్లా చేతులు మారిన ఏడాదే రిటైరైనారు. మా ఆయనకు అక్షరాలు దిద్దించింది ఆయనే, మా మామకూ ఆయనే. ఊర్లో ఎవరూ ఆయన్ని పేరుతో పిలిచి నేను ఎరగను.

ఆయన పాతకాలం మనిషి. ఆ మాట ఆయనకు తిట్టు కాదు, తనే చెప్పుకునేవారు. కాలువ నీళ్ళు వచ్చి ఊరంతా వరన్నం తింటా ఉంటే ఆయన ఇంట్లో మాత్రం జొన్నరొట్టె, కొర్రన్నం. కాలువ మీద కోపమా అని ఎవరో అడిగితే, కాలువ మంచిదేనప్పా, నా కడుపే పాతది అన్నారంట. కొత్తగా ఏ మార్పు వచ్చినా ఆయన మొదట అడిగే ప్రశ్న ఒకటే, ముందున్నది ఎందుకు పెట్టినారు అని. “గోడకు మేకు కొట్టినోడు పిచ్చోడు కాదు. పీకే ముందు దానికి ఏం తగిలించినాడో చూడండి” అనేది ఆయన నోట నేను లెక్కలేనన్ని సార్లు విన్నా. బెంగళూరులో కొత్త పాలన, ఊర్లో కొత్త పంచాయతీ, రెండూ మేకులు పీకే పని మీదే ఉన్న కాలం అది. వారం వారం రాయడానికి ఆయనకు విషయం తక్కువ కాలేదు.

కొన్నేండ్లకు సర్కారును ఎదిరించే పార్టీ ఒకటి వచ్చి, మా తరఫున నిలబడండి అని అడిగింది. ఆయన ఒప్పుకోలేదు. పార్టీలో చేరితే సగం తప్పులు కనపడవు అన్నారు.

కొత్త పంచాయతీ చట్టం కింద మా ఊర్లో మొదటి ఎన్నికలు జరిగినప్పుడు చేర్మన్ అయింది మా ఆయన ఈడు వాడు, బళ్ళారి కాలేజీలో చదివి వచ్చినవాడు. ఇప్పటికీ ఆయనే చేర్మన్. మంచి మనిషి. తొందర ఎక్కువ. ఊరు తన కళ్ళ ముందే మారిపోవాలని ఆయన ఆశ. బడిలో పిల్లలకు ఉప్మా, వీధికి దీపాలు, అందరికీ ఒకటే బావి, భూమి లేనివాళ్ళతో ఉమ్మడి సేద్యం. అన్నీ ఒకే ఏడాదిలో కావాలని చెప్పేవాడు.

ఆ చట్టంలో ఆడవాళ్ళకు రెండు సీట్లు ఉన్నాయి. మా ఊర్లో రెండోదానికి ఎవరూ ముందుకు రాలేదు. మొదటిదానికి నన్ను పెట్టినారు. ఎనిమిదో తరగతి దాకా తెలుగు చదివినా కాబట్టి సంతకం పెట్టగలదు అనేదే నా అర్హత. పోటీ లేదు. ఇంట్లో కూర్చొనే గెలిచినా.

అయ్యవారు మొదటిసారి మా ఇంటికి వచ్చింది ఆ తర్వాతే, నన్ను తప్పుపట్టి రాసింది వినిపించడానికి. మా అత్త అరుగు మీద చాప వేసింది. నేను తలుపు వెనక నిలబడినా. ఆయన ముందుగానే చెప్పినారు, “పేరు రాయలేదమ్మా, కానీ ఇది నీ గురించే. విను” అని. ఊరి పెద్దరికం ఓటుతో రావాలి, నడతతో రావాలి గానీ, ఇంత మందికి ఇన్ని సీట్లని పంచిపెడితే రాదని రాసినారు. “చట్టం కుర్చీ ఇస్తాది, నోరు ఇయ్యదు” అని ఒక వాక్యం. ఆ కుర్చీలో కూర్చున్న ఆడమనిషి మొగుడి మాటో చేర్మన్ మాటో పలుకుతాదని, దానికంటే ఖాళీ కుర్చీ మేలని ముగించినారు.

చదివి, ఇందులో అబద్ధం ఉండాదా అని అడిగినారు. నా బదులు మా అత్త, ఆడోళ్ళ మీద రాసేదానికి ఇంక ఏమీ దొరకలేదా అయ్యవారూ అనింది. ఆయన మజ్జిగ తాగి, చెంబు దించి, ఆ వారమే దాన్ని పంపించినారు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఆ కోపం ఏడాది పైనే ఉండిపోయింది.

కానీ ఆ ఏడాదంతా నేను చేసింది ఏంది? మీటింగుకు ఒక్కసారి కూడా పోలేదు. వాళ్ళు పిలవలేదు, నేనూ అడగలేదు. మీటింగు అయిన మరుసటి రోజు పంచాయతీ తలారి నడావళి పుస్తకం చంకలో పెట్టుకొని వచ్చేవాడు. మీటింగులో ఏం జరిగిందీ, ఏం తీర్మానించిందీ రాసే పుస్తకం అది. రాసింది కన్నడంలో. నేను చేతికి ఉన్న పిండి కడుక్కొని, తలారి వేలు పెట్టిన చోట తెలుగులో సంతకం పెట్టేదాన్ని. వాడు పోయినాక మళ్ళీ పిండి పిసుక్కునేదాన్ని.

ఒక రోజు మధ్యాన్నం అయ్యవారు మళ్ళీ వచ్చినారు, చేతిలో కాగితం. ఈసారి నా పని మీదే రాసినా అన్నారు. అరుగు మీద కూర్చొని మొదలు పెట్టినారు. ఊరి గోమాళాన్ని ఉమ్మడి సేద్యం సంఘానికి ఇవ్వడానికి పంచాయతీ ఒప్పుకుంది అనేది దాని సారం. గోమాళం అంటే మా ఊరికి దక్షిణాన ఉన్న మేత బీడు. మద్రాసు కాలంలో దాన్ని పోరంబోకు అనేవాళ్ళు. పాలిచ్చే ఒక్క ఎనుమును నమ్ముకొని బతికే ఇండ్లు, గొర్రెలోళ్ళు, అందరూ తోలుకొని పోయేది అక్కడికే. మా పక్కింట్లో ఒక ముసలామె ఉంది, మొగుడు లేడు, ఎనుము ఒకటే ఆధారం. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదని, పేదవాళ్ళ పేరు మీద పెట్టే సంఘంలో పేదవాళ్ళ పేర్లు ఎన్ని ఉన్నాయో ఎవరన్నా చూసినారా అని ఆయన రాసినారు. చివర్లో, పేదింటి గొడ్డు ఏం తింటాదో తెలిసిన ఆడమనిషి కూడా దీనికి ఒప్పుకున్నందుకు నాకు చాలా బాధగా ఉంది అని ఉంది.

నేను తలుపు వెనక నుంచి ముందుకు వచ్చినా. ఆయన ఎదురుగా రావడం అదే మొదలు.

“నేను ఒప్పుకోలేదు అయ్యవారూ.”

“సంతకం ఉండాది గదమ్మా. నిన్ననే ఆఫీసుకు పోయి చూసినా.”

“అది చదవలేదు.”

“చదవకుండా ఎందుకు పెట్టినావు?”

“కన్నడం రాదు.”

మా అత్త చాటలో కందిపప్పు ఏరతా ఉన్నది ఆపేసింది. ఆయన కాగితాన్ని రెండు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. “ఇందులో అబద్ధం ఉండాది. నువ్వు ఒప్పుకున్నావని రాసినా, నువ్వు ఒప్పుకోలేదు. ఈ వారం పంపను” అన్నారు.

నాకు తెలిసి ఆయన రాత లేకుండా పత్రిక వచ్చింది ఆ ఒక్క వారమే.

మరుసటి రోజు నుంచి మధ్యాన్నం అన్నాలు అయినాక ఆయన మా అరుగు మీదకు వచ్చేవారు. పలక, బలపం తెచ్చింది ఆయనే. మా అత్త పక్కనే చాట పెట్టుకొని కూర్చునేది, ఊర్లో ఎవరూ ఒక మాట అనకుండా. కన్నడం అక్షరాలు నేర్చుకునేది కష్టమే కాదని ఆయన ముందే చెప్పినారు. తెలుగులో తలకట్టు పిలక మాదిరి పైకి లేస్తాది, కన్నడంలో తల మీద తువ్వాల వేసుకున్నట్టు అడ్డంగా పండుకుంటాది, ‘క’ను, ‘త’ను, ‘శ’ను చూసి జాగ్రత్తపడు, తక్కినవన్నీ అన్నదమ్ములే అన్నారు. పది రోజుల్లో అక్షరాలు వచ్చినాయి. మాటలకు ఇంకో నెల పట్టింది. పంచాయతీ ఆఫీసు గోడకు అంటించే నోటీసులే నా వాచకం.

‘సర్వానుమతదింద’ అనే మాట ప్రతి తీర్మానం చివరా ఉండేది. తెలుగులో దాన్ని ఏకగ్రీవంగా అంటారని చెప్పి, ఆయన బలపం కింద పెట్టి నవ్వినారు. ఏకగ్రీవం అంటే అందరికీ ఒకటే మెడ. పది మందికి ఒకటే మెడ ఉంటే ఒక్క పలుపు చాలు గదా అన్నారు. ఆ తర్వాత ఆ మాట ఎప్పుడు చూసినా నా చెయ్యి మెడ మీదికి పోతాది.

ఒక రోజు ధైర్యం చేసి అడిగినా. నాకు ఆ సీటే ఇవ్వకూడదని రాసినారు, మళ్ళీ మీరే వచ్చి ఎందుకు నేర్పిస్తున్నారు అని. ఆయన పలక తుడుస్తా ఉండి చెప్పినారు.

“చట్టం వద్దన్నా. ఇప్పటికీ వద్దనే అంటా. కానీ వచ్చింది గదా. సరిగా నడవనిస్తేనే అది తప్పో ఒప్పో తెలిసేది. కుంటిదాన్ని చేసి, నడవలేదు చూడండి అంటే అది వాదం కాదమ్మా, మోసం.”

ఆయన మీద నా కోపం పోయింది ఆ మాటతోనే అనుకుంటాను.

తర్వాతి మీటింగుకు నేను పోయినా. మా ఆయన ముందు రోజంతా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగినాడు. పోవద్దని అనలేక, పో అని కూడా అనలేక. మా అత్తే తేల్చింది. సంతకం దీనిది, మాట ఎవరిదో అయితే ఎట్ల, పొయ్యి రానీ అనింది. పంచాయతీ గదిలో ఒక బల్ల, దాని చుట్టూ మగవాళ్ళు. చేర్మన్ లేచి తన కుర్చీ ఇటు జరిపి, తను కిటికీ దిమ్మె మీద కూర్చున్నాడు. ఆ మర్యాద ఆయనలో ఉంది.

నేను నడావళి పుస్తకం అడిగినా. సెక్రెటరి చేర్మన్ వైపు చూసి ఇచ్చినాడు. గోమాళం తీర్మానం ఉన్న పేజీ తీసి మొత్తం చదివినా, కన్నడంలో, గట్టిగా, నిదానంగా. నా పలుకులో ఆదోని యాస ఉంది. ఎవరో నవ్వినారు. నేను ఆపలేదు. చదివి పుస్తకం బల్ల మీద పెట్టి, “సంతకం నాది. ఒప్పుకోలు నాది కాదు” అన్నా. కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నా.

చేర్మన్‌కు ముఖం ఎర్రబడింది. ఇది ఎవరు చెప్పించినారో నాకు తెలుసు అని వాకిలి వైపు చూసినాడు. అయ్యవారు సభ్యుడు కాదు కాబట్టి ఎప్పుడూ గది బయట మెట్టు మీద కూర్చొని మీటింగు వినేవారు. మీటింగు రోజుల్లో మాత్రమే గడ్డం గీసుకునేవారని ఊర్లో నవ్వుకునేవాళ్ళు. ఆ రోజు మెట్టు మీద ఆయన లేరు. తర్వాత తెలిసింది, పొద్దున నుంచి తన చేనులో కలుపు తీస్తా ఉండినారంట. తను అక్కడ ఉంటే నా మాట తన మాట అయిపోతాదని.

నేను పక్కింటి ముసలామె గురించి చెప్పినా. ఆ బీడు పోతే ఆమె ఎనుమును ఎక్కడికి తోలాల అని అడిగినా. సంఘంలో ఎవరెవరు ఉన్నారో ఒకసారి చదవమన్నా. సెక్రెటరి పేర్ల పట్టీ తీసి చదివినాడు. పదకొండు పేర్లు. అందులో ఏడు చేర్మన్ చిన్నాయన ఇంటివాళ్ళవి, వాళ్ళ చుట్టాలవి. భూమి లేనివాళ్ళు ఇద్దరే. చేర్మన్ కిటికీ మీద నుంచి దిగి వచ్చి పట్టీ తీసుకొని తనే మళ్ళీ చూసుకున్నాడు.

“వదినా, ఈ పట్టీ నేనూ చదవలేదు” అన్నాడు. “చిన్నాయన రాసి ఇచ్చినాడు. పేదోళ్ళవే అనుకొని సంతకం పెట్టినా.”

ఆ మాట అందరి ముందరా చెప్పడానికి ఎంత మనసు కావాలో నాకు ఇప్పుడు తెలుసు. తీర్మానం వెనక్కి తీసుకున్నారు. బీడు బీడుగానే ఉంది. ఆ చిన్నాయన మా ఇంటి ముందు నుంచి నడవడం మానేసినాడు, అంతే.

నాలుగు రోజులకు అయ్యవారు మళ్ళీ కాగితంతో వచ్చినారు. నేను పొగడ్త కోసం చూసినానని ఒప్పుకుంటున్నా. చేర్మన్ తప్పు దిద్దుకున్నాడని, అట్లాంటి మనిషి ఊరికి అవసరమని రాసినారు. దాన్ని చేర్మన్ ఇంటికి పోయి ముందే వినిపించి వచ్చినారంట. కింద ఇంకో పేరా ఉంది. ఒక సభ్యురాలు కష్టపడి చదువుకుని మాట్లాడింది, అది ఆమె గొప్ప, అంత మాత్రాన సీట్లు పంచిన చట్టం మంచిది అయిపోదు అని. వినిపించి, ఇందులో అబద్ధం ఉంటే చెప్పమన్నారు.

“అబద్ధం లేదు అయ్యవారూ. తప్పు ఉండాది” అన్నా. “ఆ సీటే లేకపోతే నేను చదువుకునేదాన్నా? మీరు ఈ అరుగు ఎక్కేవాళ్ళా?”

ఆయన పెన్సిలు తీసినారు. కొట్టేస్తారేమో అనుకున్నా. కొట్టేయలేదు. తన పేరా కింద నేనన్న మాటలు రాసుకున్నారు. పత్రికలో అట్లే వచ్చింది, ‘ఇది చదివి వినిపించినప్పుడు ఆ సభ్యురాలు ఇట్లా అన్నారు’ అని. పత్రిక నుంచి జాబు వచ్చిందంట, ఎదుటివాళ్ళ జవాబు మీరే రాస్తే ఎట్లా అని. మంచి జవాబు ఎవరు రాస్తే ఏంది అని ఈయన తిరిగి రాసినారంట.

ఆయన అన్నీ సరిగా చెప్పినారని నేను అనడం లేదు. బడిలో ఉప్మా పెట్టడం మొదలైనప్పుడు, పిల్లలు అక్షరానికి రావాల గానీ ఉప్మాకు కాదు అని గట్టిగా రాసినారు. రాసి ఊరికే ఉండలేదు. ఒక వారం పొద్దున్నే పోయి బడి వసారాలో కూర్చున్నారు. అంతకు ముందు బడి మెట్టు ఎక్కని పిల్లలు వస్తా ఉండేది చూసినారు. వాళ్ళు ఉప్మా తిని పారిపోకుండా సాయంత్రం దాకా ఉండేది చూసినారు. తర్వాతి శుక్రవారం, నేను రాసింది తప్పు, ఆకలి మీద పాఠం చెప్పిన కాలమంతా నాకు ఇప్పుడు గుర్తుకొస్తోంది అని నాలుగు వరుసలు రాసినారు. ఆ నాలుగు వరుసలూ నేను కత్తిరించి పెట్టుకున్నా. సీట్ల చట్టం గురించి అట్లాంటి నాలుగు వరుసలు వస్తాయేమో అని చాలా ఏండ్లు చూసినా. రాలేదు.

ఊరి మధ్య బావిని అందరికీ తెరిచినప్పుడు మాత్రం ఆయన ఒక్క ముక్క రాయలేదు. పాతకాలం మనుషులంతా అరుస్తా ఉంటే ఆయన ఎందుకు మాట్లాడలేదని అడిగినా. దాని మీద నా దగ్గర వాదం లేదమ్మా, అలవాటే ఉండాది, అలవాటును అచ్చేయకూడదు అన్నారు. అంతకంటే ఇంకొంచెం ముందుకు వచ్చి, ఆ బావి దగ్గర నిలబడి ఉంటే బాగుండేదని నాకు ఉంది. నిలబడలేదు. అది కూడా రాయాల.

కాలువ చివరి భూముల్లో చేర్మన్ తర్వాత ఉమ్మడి సేద్యం సంఘం పెట్టినాడు, ఈసారి నిజంగా భూమి లేనివాళ్ళతో. రెండు పంటలు వచ్చినాయి. మూడో ఏడు ఎద్దులకు మేత ఎవరు వేయాలని కొట్లాడుకొని ఎవరిది వాళ్ళు పంచుకున్నారు. అయ్యవారు చెప్పిందే జరిగిందని ఊరంతా ఆయన రాత కోసం చూసింది. ఆయన ఆ వారం కోస్తా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడిన వాళ్ళ క్యాంపులో కొత్తగా వచ్చిన నారు గురించి రాసినారు. ఎందుకట్లా అంటే, “నేను చెప్పిందే అయింది అని రాస్తే, కావాలని కోరుకున్నట్టు ఉంటాది. ఆ పిల్లోడు మంచికే చేసినాడు” అన్నారు. చేర్మన్‌ను ఆయన ఎప్పుడూ ఆ పిల్లోడు అనే అనేవారు.

చేర్మన్ కూడా ఏం తక్కువ కాదు. ప్రతి వారం తనను తిట్టే మనిషికి తన ఇంట్లో పీట వేసి కూర్చోబెట్టి, ఆ తిట్లన్నీ పూర్తిగా విని, అక్షరం తప్పు లేదు అయ్యవారూ, పంపించండి అనేవాడు. ఒక్కోసారి గంట సేపు వాదించుకునేవాళ్ళు. ఆ ఇంటి ఆడవాళ్ళు చెప్పినారు, ఏ వారమన్నా అయ్యవారు రావడం ఆలస్యమైతే, ఈ వారం నేనేమీ చేయలేదా అని ఆయన వాకిట్లోకి వచ్చి చూసేవాడంట.

వచ్చే ఎన్నికల్లో ఆడవాళ్ళ సీటు వదిలేసి, అందరూ పోటీ చేసే సీటుకే నిలబడాలని నేను అనుకుంటున్నా. అది ఆయనకు చెప్పింది కూడా ఆ ఆదివారమే, రేడియో గొడవ అయినాక. సంతోషిస్తారని అనుకున్నా. ఓటు నీకే అని ఇప్పుడే చెప్పనమ్మా, ఏం చేస్తానని చెప్తావో విని చెప్తా అన్నారు. ఎదురు నిలబడేది ఎవరు అని అడిగినారు. చేర్మన్ చిన్నాయన కొడుకు అని చెప్పినా. వాడి మాట కూడా వినాల గదా అని కర్ర అందుకున్నారు.

శుక్రవారం మూడింటికి ఎత్తినారు. ఆయన చేను కాలువకు అవతల ఉంది, అక్కడే గట్టు పక్కన మట్టిలో పెట్టాలని చెప్పి ఉండినారంట. ఆడవాళ్ళం కాలువ వంతెన దగ్గర ఆగిపోయినాం. మా పక్క అదే పద్ధతి. ఆయన్ని అడిగినా అదే చెప్పేవారు, నేనూ వాదం పెట్టుకునేదాన్ని. ఆ రోజు పెట్టుకోలేదు. ఆయన కోడలి చెయ్యి పట్టుకొని నిలబడినా.

వంతెన దాటినాక దారి లేదు, వరి మళ్ళ గట్లే. నలుగురు మోసుకొని పోయేంత వెడల్పు గట్టుకు లేదు. పాడెను భుజాల మీద నుంచి దించి, ముందు ఒకరు, వెనక ఒకరు చేతుల్లో పట్టుకున్నారు. వెనక ఆయన కొడుకు. ముందు చేర్మన్, చెప్పులు లేకుండా, పంచె మోకాళ్ళ మీదికి కట్టుకొని. పైరు తొడల దాకా పెరిగి ఉంది, మనుషుల కాళ్ళు కనపడలేదు. తెల్లగుడ్డ కప్పిన పాడె ఆ పచ్చని పైరు మీద మెల్లగా పోతా ఉంది. ఒక మడి నుంచి ఇంకో మడికి నీళ్ళు పారేచోట గట్టు తెగి ఉంటాది. అట్లాంటి ప్రతి చోటా చేర్మన్ ఆగినాడు. కాలు పెట్టి లోతు చూసినాడు. వెనక్కి తిరిగి ఏదో చెప్పినాడు. చెప్పి, అవతల గట్టు మీద కాలు ఆనించుకొని, వెనక ఉన్నాయన దాటేదాకా నిలబడి, అప్పుడు కదిలినాడు. కాలువ నిండుగా పారతా ఉంది, ఆ చప్పుడులో ఏం చెప్తా ఉన్నాడో మాకు వినపడలేదు.